రారవాయి స్వేచ్ఛా కోళ్లు

“ఏడుస్తూ పెట్టిన గుడ్డు తింటే, పుట్టేది ఏడుపుగొట్టు పిల్ల అయితేనో?” అన్నాను. అప్పటికింకా ఎవరూ గుడ్డు తినలేదు. మా అమ్మాయి కాంతికి ఏడో నెల. డాక్టరు గుడ్డు తినమన్నాడు. ఇరుకు గూట్లో మగ్గే కోడి గుడ్డు ముట్టనని అది సూపర్‌మార్కెట్ మధ్యలో నిలబడి ప్రకటించింది.

గుడ్డుకు బదులు అరటిపండు మెదిపి కేకు చేయవచ్చనీ, శనగలు ఉడికించిన నీళ్లు గిలకొడితే తెల్లని నురగ వస్తుందనీ మా లౌతోకా ఊరి మహిళా మండలి కార్యదర్శి సర్లా సెలవిచ్చారు. చేశాం. కేకు బాగానే ఉంది. కానీ నురగ తింటే బిడ్డకు ఎముక గట్టిపడుతుందా?

నా బెంగ చూడలేక, సంతోషంగా ఉన్న కోళ్లను గుర్తించేందుకు మండలి ఒక ఉపసంఘాన్ని వేసింది. కోళ్లు పెంచినవారు అందులో ఒక్కరూ లేరు కనుక దాని నిష్పాక్షికతను ఎవరూ శంకించలేదు.

రారవాయి చెరుకు మిల్లు వెనక, వెంకటమ్మ పెరట్లో అవి దొరికాయి. గట్ల మీద పురుగులు ఏరుకుంటూ, మామిడి కొమ్మల మీద పడుకుంటూ, ఎవరి అనుమతీ లేకుండా బతుకుతున్నాయి. సర్లా ఒక పెట్టకు కుంకుమ పెట్టి ప్రసంగించారు: “స్వేచ్ఛే గుడ్డుకు ప్రాణం. దాన్ని కాపాడటం మనందరి కర్తవ్యం.” గడ్డిలో తిరిగే ఆ కోళ్ల ఫోటో తీయించి మండలి హాల్లో తగిలించారు. కాంతి రోజూ గుడ్డు తినసాగింది. నేను కుదుటపడి ఉండాల్సింది.

“ఇలా బయట తిరిగితే ముంగిస పట్టుకుపోదూ?” అన్నాను.

“ఎప్పుడైనా ఒకటి పోద్ది, దీదీ. మిగతావి ఠీకే తిరుగుతాయి,” అంది వెంకటమ్మ.

ఆ ఒకటి ఉపసంఘాన్ని కలచివేసింది. స్వేచ్ఛకు భద్రత అవసరమని తీర్మానించి, చుట్టూ వైరు కట్టించారు. వానకు తడుస్తాయేమో అన్నాను, పైన రేకులు వేశారు. కాళ్లకు బురద అంటుతుందన్నాను, కింద సిమెంటు చేశారు. ఒకదాన్నొకటి పొడుచుకుంటే ఎలా అన్నాను, దేని గది దానికి కట్టారు. వెంకటమ్మ వద్దంది. ఆమె సహకారానికి ధన్యవాదాలు తెలిపారు. ‘స్వేచ్ఛా కోళ్ల నిలయం’ అని బోర్డు పెట్టారు. రిబ్బను నా చేతే కత్తిరింపజేశారు.

కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి.

కాంతి కంచంలోకి మళ్లీ శనగల నురగ వచ్చింది. ఉండబట్టలేక రారవాయి వెళ్లాను.

“ఇంత చేశాం కదా, ఎందుకు పెట్టడం లేదు వెంకటమ్మా?”

ఆమె వైరులోంచి గింజలు వేసింది. గిన్నె కడిగి బోర్లించింది. చెరుకు లారీ ఒకటి మిల్లులోకి పోయింది.

“మీ హాల్లో ఫోటో కోళ్లు బయటే తిరుగుతున్నాయి కదా, దీదీ,” అంది చివరికి. “గుడ్లు వాటినే అడుగు.”