కాలు మోపని దండయాత్ర

సూర్యుడనే ఒంటిచక్రపు రథికుడు, గుంత అన్నది ఎరుగని గగనమార్గాన, గడప అన్నది అడ్డురాని దిక్కుల నడుమ, ఎవరి అనుమతీ అడగకుండా పడమటికి ఒరుగుతున్న ఒకానొక అపరాహ్ణవేళ, అభ్రంకషసౌధశ్రేణీవిరాజితమూ, అడుగడుగునా తెగిపోయే కాలిబాటలతో అతిదుర్గమమూ, తన భుజం తానే చరుచుకోవడంలో భూమండలాన సాటిలేనిదీ అయిన ఒక మహానగరంలో ఈ యుద్ధం జరిగింది. వీరగాథ ఎత్తుకునేవాళ్ళు వాగ్దేవిని తలచుకోవడం రివాజు. మన కథకు ఆవిడ దాకా పోనక్కర్లేదు. ఓ గ్రీజు డబ్బా! చక్రజనజీవనాధారమా! ఇరుసుల మూలుగు మాన్పే జిడ్డుతల్లీ! నా నాలుక మీద ఓ చుక్క వేసి, ఈ కథను కిర్రుమనకుండా నడిపించు.

ఆ నగరపాలకులు బస్సుల వెనకా, గోడల మీదా, ఎక్కడ జాగా దొరికితే అక్కడ ఒక బొమ్మ అతికించారు. చక్రాల కుర్చీలో నవ్వుతున్న మనిషి, ఆయన వెనక పాత కోట బురుజు, కింద పెద్దక్షరాలతో "అందరి నగరం, అందరూ చూడండి!" అని. ఆ నవ్వే ఆయనకు కాళ్ళు సలక్షణంగా ఉన్నాయనీ, ఫొటో అయ్యాక లేచి, కుర్చీని చంకన పెట్టుకుని పరుగున బస్సెక్కాడనీ చూసినవాళ్ళు చెబుతారు. చంకలో పట్టే కుర్చీ ఉంటుందా అని నన్నడక్కండి. నేను విన్నది విన్నట్టు, కాస్త పెంచి చెబుతాను, అంతే.

ఆ బొమ్మను నమ్మిన వీరనారి ఒకతె ఉంది. ఊరంతా ఆమెను మైకక్క అంటారు. చిన్ననాడు వచ్చిన మాయదారి జ్వరం పోతూ పోతూ కాళ్ళను ఎత్తుకుపోయి, తొందరలో గొంతును మరిచిపోయింది. ఆ గొంతుకే రైల్వే స్టేషనులో మైకు ముందు కొలువు దొరికింది. పొద్దున మొదలు పొద్దుగూకే దాకా "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటూ లక్షోపలక్షల జనాన్ని అష్టదిక్కులకూ తోలిన ధీర ఆమె. ఆమె పిలిస్తేగాని బండి వచ్చేది కాదు, ఆమె పొమ్మంటేగాని కదిలేది కాదు. అయితేనేం? ఆమె కూర్చున్న గదికి కిటికీ లేదు. గదికీ ప్లాట్‌ఫారానికీ మధ్య మెట్లు. బండ్లన్నిటినీ పేరుపేరునా ఎరిగిన ఆ మహాతల్లి, తాను సాగనంపిన బండి ఒక్కటైనా కదిలిపోతుంటే కళ్ళారా చూడకుండానే పదవీవిరమణ చేసింది. ఊరందరికీ పెళ్ళిళ్ళు కుదిర్చినవాడు బ్రహ్మచారిగా మిగిలినట్టు!

బురుజు ఎక్కితే స్టేషను మొత్తం అరచేతి గీతల్లా కనిపిస్తుందనీ, సాయంకాలపు బండి వంపు తిరిగి పోవడం చూసి తీరాలనీ ఎవరో ఆమె చెవిన వేశారు. అంతే ఆమె కోరిక. రాజ్యమడగలేదు, రత్నాలడగలేదు. కదిలిపోయే రైలు తోక, అంతే.

ఆమె సేనలో ఇద్దరు. ఒకడు తమ్ముడు, ఆజానుబాహువు, ఆజన్మభీరువు. "సర్దుకుపోదాం" అన్న ఏకాక్షర... కాదు, ఏకవాక్య మంత్రంతో యావజ్జీవితాన్నీ గడిపిన మహనీయుడు. రెండవది అతని ఇల్లాలు, మన మైకక్కకు మరదలు. ఆమె నాలుక ఒరలో ఉండగా ఎవరూ చూడలేదు.

"అక్కా, నామాట విను. నేను పైకెళ్ళి ఫోన్లో చక్కగా వీడియో తీసుకొస్తా. నువ్వు కింద చల్లగా కూర్చుని చూద్దువుగాని," అన్నాడు తమ్ముడు, కుర్చీ నెడుతూ.

"అలాగేరా. రేపట్నుంచి నా బదులు అన్నం కూడా తినేసి వీడియో తీసుకురా."

"అది అడక్కుండానే చేస్తారు వదినా ఈయన," అంది మరదలు.

ఇలా పరస్పరప్రోత్సాహంతో బయలుదేరిన ఆ సేనకు తొలి శత్రువు కాలిబాటే. అది కాసేపు ఉంటుంది, కాసేపు ఉండదు, ఉన్నచోట కరెంటు స్తంభం ఉంటుంది. స్తంభం లేనిచోట, నిద్రలో మునిగిన అడవి దున్నల మందలా మోటారు సైకిళ్ళు పడుకుని ఉంటాయి. బాట చివర నేలకు ఒరిగి దిగే ఏటవాలు చోటు ఒకటి కట్టారు. ఆహా అని దిగబోతే సరిగ్గా దాని ముందు మురుగుకాలవ మూత, ఆ మూత మధ్యలో చక్రం పట్టేంత సందు. కట్టిన మహానుభావుడు ఆ సందును చక్రం కొలతతోనే కోయించాడా అని అనుమానం. ఆ సందులో దిగబడిన కుర్చీని పైకి లేపేసరికి తమ్ముడి చొక్కా చెమటకు తడిసి సముద్రస్నానం చేసొచ్చినట్టు అయింది.

"ఇంటికెళ్ళిపోదామా అక్కా?"

"ముందు నా చక్రం ఊడిందేమో చూడు. ఊడకపోతే పద."

కోట ద్వారం దగ్గర టికెట్ల కిటికీ. పూర్వం గుర్రం దిగని రాజుల కోసం కట్టారేమో, అది ఆమె నెత్తికి బాగా పైన ఉంది. మైకక్క చెయ్యెత్తి అరుగు మీద తట్టింది. లోపలి నుంచి గొంతు వినబడింది.

"ఎవరూ? ఎవరూ లేరే!"

"కిందున్నా నాయనా. కాస్త ముందుకు వంగి భూలోకం చూడు."

టికెట్ల గుమాస్తా వంగి చూసి, దయార్ద్రహృదయుడై చిరునవ్వు నవ్వాడు. "కుర్చీవాళ్ళకి ఉచితం మేడం. లోపలికెళ్ళండి."

"ఎందుకో ఇంత దయ?"

"ఎలాగూ పైకి వెళ్ళరు గదా!"

ఔదార్యమంటే అదీ! ఎండమావిలో నీళ్ళు ఎంత తాగినా ఉచితమన్నట్టు. మరదలు నాలుక ఝళిపించబోయింది గాని మైకక్క ఆపింది. పెద్ద యుద్ధం ముందుండగా గుమాస్తాల మీద బాణాలు వృథా చేయరాదు.

లోపలికి పోయి చూస్తే, అయ్యలారా, అమ్మలారా, అక్కడ ఉంది ర్యాంపు! బురుజు గోడను అంటుకుని, రెండు వైపులా మెరిసే కమ్మీలతో, నిగనిగలాడే ఎర్రరంగుతో, కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ పైదాకా సాగిపోయింది. ఏ చక్రమూ తాకని కన్యారూపం. దాని మొదట్లో అడ్డంగా పట్టు రిబ్బను. రిబ్బను ముందు కావలివాడు.

"ఆగండాగండమ్మా! అది వాడకూడదు."

"ఏం, ఇంకా పచ్చిగా ఉందా?"

"ఎండి చాన్నాళ్ళయింది. ప్రారంభోత్సవం కాలేదు."

"ఎప్పుడవుతుందట?" అంది మరదలు.

కావలివాడు ఆకాశంలోకి చూశాడు. జవాబు ఆకాశం నుంచి కాదు, పక్కగది నుంచి వచ్చింది. కోట నిర్వహణాధికారి వేంచేశాడు. ముద్రాదండధరుడు, సంతకశూరుడు, ఫలకప్రియుడు. ఉదయం కూర్చున్న కుర్చీలోంచి సాయంత్రం దాకా లేవడు గనక తానూ ఒక కుర్చీమనిషే అయినా, ఆ చుట్టరికం ఏనాడూ కలుపుకోని గొప్పవాడు.

"పెద్దాయన రావాలండీ," అన్నాడు. "దానికో క్రమం ఉంది. ముందు పైకెళ్ళి శిలాఫలకం మీద తెర తీయాలి. ఆ తర్వాత కిందికొచ్చి రిబ్బను కత్తిరించాలి. కాని పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కలేరు."

"మరి ఈ ర్యాంపు మీద తీసుకెళ్ళొచ్చుగా?" అంది మైకక్క.

"ఎలా తీసుకెళ్తామండీ? ప్రారంభం కాలేదుగా!"

గోడ మీది పావురాలు గుటగుటలు మానేశాయి. చరిత్రలో ఎన్నో ముట్టడులను ఆ కోట తట్టుకుంది గాని, ఇంతటి తర్కాన్ని ఎరగదు. రాళ్ళ సందుల్లోంచి సున్నం రాలింది.

"పోనీలే అక్కా," అన్నాడు తమ్ముడు. "సర్దుకు..."

"నువ్వు నోర్ముయ్. నీ సర్దుబాట్లకే నా జుట్టు నెరిసింది."

"రూలు రూలేనండీ," అన్నాడు అధికారి, పక్కనున్న బోర్డు చూపిస్తూ. "చదువుకోండి. నేనే రాయించాను."

మైకక్క చదివింది. కొలువులో పట్టుబడిన అలవాటు కొద్దీ గొంతెత్తి, ఒకసారి కాదు, రెండుసార్లు చదివింది. "ప్రారంభోత్సవము జరుగువరకు ఈ ర్యాంపుపై ఎవ్వరును కాలు మోపరాదు. రిబ్బను తెంపినవారు శిక్షార్హులు."

రెండోసారి చదువుతూ ఒకచోట ఆగింది. ఏదో బండి ఏ లైనుకొస్తుందో తేలనప్పుడు ఆగేదే, అలా.

"ఈ మాట మీద నిలబడతావా నాయనా?"

"అక్షరం మారదు."

"రిబ్బను ఇంత పైకి కట్టారేం?"

అధికారి ముఖం వికసించింది. అడగవలసిన ప్రశ్న ఇన్నాళ్ళకు ఒకరు అడిగారు. "పెద్దాయన మంచి పొడగరి. వంగొద్దని డాక్టర్లు చెప్పారట. అందుకని సరిగ్గా ఆయన ఛాతీ ఎత్తుకి నేనే దగ్గరుండి కొలిచి కట్టించాను."

ఓరి మూఢశిఖామణీ! ఓరి ఫలకాంధుడా! కూర్చుని వచ్చేవాళ్ళ కోసం దారి వేసి, దాని తలుపును నిలబడినవాడి ఛాతీతో కొలిచావా! ఆ దారిన కూర్చున్న మనిషి ఒకరు రావచ్చునని ర్యాంపు కట్టించినప్పుడు గాని, రంగు వేయించినప్పుడు గాని, రిబ్బను కొలిచినప్పుడు గాని నీ కలలోకైనా రాలేదే! నీ తలపులో లేని మనిషికి నీ రిబ్బనూ అడ్డం రాదు.

మైకక్క కుర్చీని సరిగ్గా రిబ్బనుకు ఎదురుగా తిప్పుకుంది. గొంతు సవరించుకుంది. కోటలోని సందర్శకులంతా ఉలిక్కిపడి తమ తమ సామాన్లు తడుముకునేలా, ప్రళయకాలజలధరగర్జాసన్నిభమైన కంఠంతో ప్రకటించింది:

"సందర్శకులకు విజ్ఞప్తి! కింది నుంచి పైకి పోవు మైకక్క కుర్చీబండి మరికొద్ది క్షణాల్లో ర్యాంపు మీదుగా బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. ఈ బండికి కాళ్ళు లేవు. ఈ బండి కాలు మోపదు. రిబ్బను తెంపదు. ఇన్నాళ్ళూ కలిగిన అసౌకర్యానికి కోటవారు ఏమాత్రం చింతించుట లేదు!"

అని, తల వంచి, రెండు చేతులా చక్రాలు పట్టి తోసింది. రిబ్బను ఆమె కొప్పును ముద్దాడింది, కాస్త ఊగింది, తెగలేదు. ఆమె అవతల ఉంది.

"అమ్మా! అమ్మా! దిగండి!"

"ఎక్కడ మోపాను నాయనా కాలు? చూపించు."

అధికారి వంగి చూశాడు. రెండు పాదాలూ కుర్చీ పలక మీద, నేలకు జానెడెత్తున, నిబంధనాబద్ధంగా విశ్రమించి ఉన్నాయి. ఆయన బోర్డు వైపు తిరిగి మళ్ళీ చదువుకున్నాడు. రాయించింది తానే కదా.

తమ్ముడు జీవితంలో మొదటిసారి ఆవేశపడి, నెట్టడానికి ముందుకురికాడు.

"ఆగక్కడ! నీకు కాళ్ళున్నాయి!" అంది అక్క.

ఇక ఆ ఆరోహణను ఏమని వర్ణింతును! సేన మెట్ల మీద, సేనాని ర్యాంపు మీద. కింది నుంచి సులువుగా కనిపించిన ఆ వాలు, ఎక్కేకొద్దీ నిటారై, దిక్కులను మింగి, మేఘాలతో మంతనాలాడింది. చక్రాలు మూలిగాయి. మొదటి మలుపు జయించింది. రెండో మలుపు దగ్గర భుజాలు వణికాయి, అరచేతులు జారాయి, కుర్చీ వెనక్కి దొర్లింది. సందర్శకులు హాహాకారాలు చేశారు. కమ్మీని ఒక చేత్తో ఒడిసిపట్టి ఆమె ఎలాగో ఆగింది గాని, ముందుకు పోలేదు. కావలివాడు తట్టుకోలేక పరుగున రిబ్బను దాటబోయాడు.

"కాలు! కాలు!" అని అధికారి కేక.

పాపం, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, కావలివాడు చెరువుగట్టు మీది కొంగలా నిలబడిపోయాడు.

"వదినా!" మెట్ల మీది నుంచి మరదలు అరిచింది. "మీరు పిలిస్తే ఎన్ని బండ్లు రాలేదు? ఇలా ఎత్తెక్కి వచ్చినవే గదా అన్నీ! ఆ ఒక్క మలుపూ తిప్పండి, నేను పైనుంటా!"

"నువ్వు అరవకే, నాకు లయ తప్పుతోంది," అంది మైకక్క రొప్పుతూ. కమ్మీ వదిలింది. ఒక తోపు. ఊపిరి. ఇంకో తోపు. చక్రం ఎక్కిన ప్రతి జానెడూ ఒక రాజ్యం. అలా రాజ్యం తర్వాత రాజ్యం గెలుచుకుంటూ, చీర చెంగు తడిసి, కొప్పు ఊడి, చెంపల వెంట చెమట ధారగా కారుతుండగా, ఆ చక్రవర్తిని, అసలు సిసలు చక్రవర్తిని, బురుజు మీదికి చేరింది.

బండి వేళ ఎప్పుడో దాటిపోయింది. అయితే రైళ్ళ శాఖవారి సనాతనమైన ఆలస్యం ఆ ఒక్కరోజు పుణ్యం కట్టుకుంది. కింద, దూరంగా, అరచేతి గీతల్లో ఒక గీత కదిలింది. వంపు తిరిగింది.

మైకక్క కుర్చీలో ముందుకు వంగి, ఆ గీత వెంటే మెల్లగా తల తిప్పింది.

"ఓస్! ఇదా!" అంది చివరికి. "గొంగళిపురుగంత లేదు. దీనికోసమా నేను గొంతు చించుకున్నది?"

"చూశావుగా, ఇక పోదామా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"ఉండరా. తోక ఇంకా కనిపిస్తోంది."

తర్వాత కోట మూసేవేళ గంట మోగింది. మూసేవేళకు పైన ఎవరూ మిగలరాదన్నది ఇంకో నిబంధన. ఆవిడ దిగనంది, ఒంటరిగా దిగితే దొర్లిపోతాననీ, తమ్ముడి చేత రూలు తప్పించననీ అంది. బోర్డు రాయించిన బుర్ర రెండు నిబంధనల నడుమ కాసేపు నలిగి, చివరకు ఆ సంతకశూరుడే రిబ్బను కింద దూరి, కన్యారూపమైన ఆ ర్యాంపు మీద మొట్టమొదటి కాలు మోపి, పైకి వచ్చి, కుర్చీ వెనక పట్టుకుని, ఆమెను జాగ్రత్తగా కిందికి దించాడు. దారి పొడుగునా మైకక్క "ప్రయాణికులు తలుపుల దగ్గర నిలబడరాదు" వంటి హితవులు చెబుతూనే ఉంది.

మర్నాడే ఆయన ఎర్రరంగు మీది టైరు చారలు రుద్దించాడు, పోలేదు. బోర్డు తీసి, కొత్తది రాయించాడు: "ఎవ్వరును కాలు గాని, చక్రము గాని మోపరాదు."

వినండి, వినండి! దిక్పాలకులారా, గుమాస్తాలారా, ఫలకాల కోసం పుట్టిన పెద్దాయనలారా! ఆ కోటలో రాజుల బిరుదులు చెక్కిన రాళ్ళున్నాయి, ఉమ్మరాదన్న పలకలున్నాయి, పూలు కోయరాదన్న రేకులున్నాయి. వాటిలో ఎక్కడా ఎన్నడూ లేని చక్రమన్న మాట, మైకక్క భుజబలం వల్ల, ఆనాడు అక్షరరూపం దాల్చింది. రావద్దని చెప్పడానికైనా గుర్తుకు రాని మనిషి, ఇప్పుడు పనిగట్టుకుని రావద్దనదగినంత మనిషైంది. ఇదే ఈ గాథలోని దిగ్విజయం. ఇది విజయమేమిటని నవ్వేవాడెవడైనా ఉంటే, కుర్చీలో కూర్చుని ఆ మురుగుకాలవ మూత దాటి వచ్చి నాతో మాట్లాడాలి.