నలభై రోజుల సురక్షిత చార్జింగ్

"ఈ క్షణం నుంచి రేపల్లెలో ఏ ఒక్క బ్యాటరీ కూడా ప్రమాదకరంగా చార్జ్ కాదు!" అని మంత్రిగారు రైల్వే స్టేషన్ ముందు మైకులో ప్రకటించారు. ఆ మాట అక్షరాలా నిజమైంది. ఇంత కచ్చితంగా నెరవేరిన హామీని నా నలభై ఏడేళ్ల వయసులో చూడలేదు కాబట్టి, ఈ నాలుగు ముక్కలూ పాఠకులకు విన్నవించుకుంటున్నాను.

నా పేరు నాగశివ. స్టేషన్ రోడ్డులో ఇరవై రెండేళ్లుగా బ్యాటరీల షాపు నాది. ట్రాక్టర్లవీ, బోట్లవీ, ఈమధ్య కరెంటు ఆటోలవీ చార్జింగ్ పెట్టి పంపేవాణ్ణి. చార్జింగ్ ఎక్కేటప్పుడు బ్యాటరీలోంచి గ్యాస్ వస్తుంది, అందుకని షాపుకి మూడు వైపులా కిటికీలు పెట్టించాను. దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఎర్ర క్లిప్పు ప్లస్‌కి, నల్ల క్లిప్పు మైనస్‌కి తగిలించాకే స్విచ్ వెయ్యాలి, తీసేముందు స్విచ్ ఆపాలి. నాకు తెలిసిన చదువు ఇంతే. ఇన్నేళ్లలో ఒక్క బ్యాటరీ పేలలేదు. అది కేవలం అదృష్టమని సురక్షిత చార్జింగ్ పథకం ప్రత్యేకాధికారి హేమంత్ గారు వచ్చాకే తెలిసింది.

వారి చూపు మహా చురుకు. షాపులో అడుగు పెడుతూనే మూలనున్న బకెట్ మీద పడింది.

"ఏంటిది?"

"ఇసుకండి. నిప్పంటుకుంటే చల్లడానికి."

"బిల్లుందా?"

"బకెట్‌కాండి?"

"ఇసుకకి."

లేదన్నాను. షాపుకి సీలు పడింది, బకెట్ జీపెక్కింది. ఇకమీదట అందరూ ప్రభుత్వ సురక్షిత చార్జింగ్ కేంద్రంలోనే పెట్టుకోవాలని, ఇళ్లలో పెడితే బండి సీజ్ చేస్తామని వారు సెలవిచ్చారు. మా మీద ప్రేమకొద్దీ వీధికో కార్యకర్తను కాపలా కూడా పెట్టారు.

కేంద్రం ప్రారంభోత్సవానికి నేనూ వెళ్లాను. కొత్త గది, కొత్త చార్జర్లు, చూడముచ్చటగా ఉంది. కిటికీలన్నిటినీ మంత్రిగారి ఫ్లెక్సీలతో కప్పేశారు. లోపల "నిప్పు తేరాదు" అన్న బోర్డు కిందే కొబ్బరికాయ కొట్టి, పళ్లెంలో పిడికెడు కర్పూరం వెలిగించి చార్జర్‌కి హారతి ఇవ్వబోయారు. నేను పళ్లేనికి అడ్డంపడ్డాను.

"సార్, చార్జింగ్ గదిలో కర్పూరమేంటండి! గ్యాస్ అంటుకుంటదండి!"

హేమంత్ గారు నా భుజం తట్టారు. "కంగారు పడకయ్యా. కరెంటు లేదు."

నిజమే, కనెక్షన్ రాలేదు. కనెక్షన్ ఇవ్వాలంటే భద్రతా సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ ఇవ్వాలంటే బ్యాటరీ చార్జ్ అవుతుండగా తనిఖీ చెయ్యాలి. బ్యాటరీ చార్జ్ అవ్వాలంటే కనెక్షన్ ఉండాలి. ఇంత పకడ్బందీ భద్రత ఇంకెక్కడా ఉండదని హేమంత్ గారే అన్నారు. నేను కాదనలేకపోయాను.

కష్టమల్లా సైదావలి అన్నకొచ్చింది. ఆయన స్టేషన్ నుంచి బస్టాండ్‌కి కరెంటు ఆటో తోలతాడు. సీటు కింద నాలుగు బ్యాటరీలు, వాటి మీదే ఇల్లు గడవాలి. నూర్ బీ వదిన రోజూ సాయంత్రం పొయ్యి వెలిగించకముందే ఆటోకి ప్లగ్గు పెట్టేది. "ముందు అది తింటేనే మనం తినేది" అనేది. ఖాళీ అయిన బ్యాటరీని నెలరోజులు అలాగే వదిలేస్తే చచ్చిపోతుంది, తర్వాత ఏం చేసినా లేవదు. అది తెలిసే పథకం మొదలైన తొమ్మిదో రోజున ఇద్దరం బాపట్ల బస్సెక్కి హేమంత్ గారి ఆఫీసుకి పోయాం.

"మా ఇంటి ముందు వసారాలో పెట్టుకుంటానండి," అన్నాడు అన్న. "గాలి బాగా ఆడుద్దండి. అయిందాకా పక్కనే కూర్చుంటాను."

"పక్కన కూర్చుంటావా? మనిషి ప్రాణం లెక్కలేదా?"

"పోనీ లేచి అవతలకి పోతానండి."

"చార్జింగ్ పెట్టి వదిలేసి పోతావా? ఎంత నిర్లక్ష్యం!"

"మరేం చెయ్యమంటారు సార్? బ్యాటరీలు చచ్చిపోతాయండి."

"చచ్చిపోయిన బ్యాటరీ పేలుద్దా?" అని హేమంత్ గారు నన్నడిగారు.

"పేలదండి," అన్నాను. అది చాలా మంచి పాయింటని వారు ఫైల్లో రాసుకున్నారు.

ముప్పై ఆరో రోజున అన్న రమ్మంటే వెళ్లి మీటరు పెట్టి చూశాను. ముల్లు కదల్లేదు. నాలుగూ పోయాయి. అన్న మాత్రం తడిగుడ్డతో ఆటో సీటు తుడుస్తూనే ఉన్నాడు. వదిన గుమ్మంలో నిలబడి, "రేపట్నించి ఏం తోలతావు?" అని అడిగింది. ఆయన గుడ్డ పిండి మళ్లీ సీటు తుడవసాగాడు.

నలభయ్యో రోజున తెనాలిలో విజయోత్సవం. రేపల్లెలో నలభై రోజులుగా ఒక్క బ్యాటరీ ప్రమాదం కూడా జరగలేదు. ఉత్తమ సురక్షిత డ్రైవర్‌గా సైదావలి అన్నని ఎంపిక చేశారు, ఆయన రికార్డు అంత శుభ్రంగా ఉంది. ఆటోని లారీ ఎక్కించి తీసుకెళ్లారు. అది స్టేజీ దగ్గరికి చేరాక మంత్రిగారు ముచ్చటపడి అందులో కూర్చున్నారు. ఎనిమిది మందిమి వెనక నుంచి నెడితే ఆటో చెక్క వాలు మీదుగా స్టేజీ ఎక్కింది. ఫొటోగ్రాఫర్లందర్నీ ముందువైపు నిలబెట్టారు.

"అసలు చప్పుడే లేదేంటయ్యా!" అన్నారు మంత్రిగారు చెయ్యి ఊపుతూ.

"అదేనండి ఎలక్ట్రిక్ బండి గొప్పతనం," అన్నారు హేమంత్ గారు, ఒక చేత్తో నెడుతూనే.

శాలువా కప్పారు. బహుమతిగా చార్జర్ ఇచ్చారు. కొత్త మోడల్, ఇటుకంత బరువుంది. ఇంటికి తెస్తే వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీన్నెక్కడ పెట్టాలి?"

"ఇంట్లో మాత్రం పెట్టకూడదంట," అన్నాడు అన్న.

ఆ ఫలితాలు చూసి పథకాన్ని జిల్లా అంతటికీ విస్తరించారు. అన్న ఇప్పుడు ప్రచారకర్త. ఆటో పక్కన నిలబడి నవ్వుతున్న ఆయన బొమ్మ, కింద "నా బ్యాటరీ క్షేమం" అన్న అక్షరాలతో ఐదొందల ఫ్లెక్సీలు వేయించారు. వాటిని ఊరూరా చేరవేసే పని కూడా హేమంత్ గారు దయతలచి ఆయనకే ఇప్పించారు.

నిన్న మధ్యాహ్నం సీలు పడిన నా షాపు మెట్టు మీద కూర్చుని ఉంటే అన్న ఎదురుపడ్డాడు. మామగారి పాత రిక్షా తొక్కుతున్నాడు. వెనక తొట్టి నిండా తన బొమ్మలే.

"చార్జర్ ఏం చేశావన్నా?" అన్నాను.

తొక్కడం ఆపకుండానే తలతో వెనక్కి చూపించాడు. ఫ్లెక్సీలు గాలికి లేచిపోకుండా వాటి మీద పెట్టి ఉంది.