బారెడు చొప్పున తరిగిన తీగ

ఆ పొద్దున అతుకుల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిను అరిగేలోపు ఒక్క అతుకు వెయ్యడం, ఆ తర్వాత తీగ కొనడానికి వచ్చే మేడమ్ ముందు వినయంగా చేతులు కట్టుకుని పొగిడించుకోవడం, మధ్యాహ్నం ఇంటికెళ్ళి ఒక కునుకు తీయడం. ఈ మూడింట్లో వినయం ఒక్కటే కాస్త శ్రమ అని ఆయన అనుకున్నారు.

వెలుతురు రూపంలో కబుర్లు మోసే వెంట్రుకంత సన్నని గాజు తీగలకు అతుకు వెయ్యడంలో ఆ కంపెనీలో ఆయన్ను మించినవాడు లేడు. మాస్టారు కలిపిన చోట అతుకుందని లోపల పరిగెత్తే వెలుతురుకు కూడా తెలియదని చెప్పుకునేవారు. ఎక్కువగా ఆయనే చెప్పుకునేవారు.

ఈసారి వచ్చింది మాత్రం నడిమధ్య బోలుగా ఉండే కొత్త రకం తీగ. వెలుతురు గాజులో కన్నా గాలిలో వేగంగా పోతుంది కనుక ఇందులో సమాచారం మరింత త్వరగా చేరుతుంది. షేర్ల వ్యాపారం చేసే ఒక పెద్ద సంస్థ తమ భవనంలో ఒక కంప్యూటర్ గది నుంచి ఇంకో గదికి దీన్ని వేయించుకుందామనుకుంటోంది. రెప్పపాటులో వెయ్యోవంతు ముందు కబురు అందినా వాళ్ళకు పంట పండినట్టే. "ఇవాళ మేడమ్ ముందు ఇది పనిచెయ్యకపోతే మీ అతుకుల విభాగం ఎత్తేసి, పని బయటివాళ్ళకిచ్చేస్తా" అని మేనేజరు ముందే చెప్పేశాడు. ఆ విభాగంలో ఉన్నది మాస్టారు, ఇంకో నలుగురు, ఆపైన మాస్టారి సొంత అల్లుడు. విభాగం పోతే ఒకే ఇంట్లో రెండు ఉద్యోగాలు పోతాయి.

కొత్త తీగ గురించి పెట్టిన శిక్షణకు మాస్టారు వెళ్ళలేదు. "చేపపిల్లకు ఈత నేర్పుతారట!" అని నవ్వేసి అల్లుణ్ణి పంపారు. అల్లుణ్ణి ఇంట్లో 'మీరు' అనడం, ఆఫీసు గేటు దాటగానే 'నువ్వు' అనడం ఆయన నియమం.

"మామయ్యా, ఈ తీగ లోపల బోలు. అందుకని..." అన్నాడు అల్లుడు.

"ఆఫీసులో మామయ్యేంటి? సార్ అను."

"సార్, ఈ తీగ లోపల బోలు. అందుకని..."

"బోలైతే ఏంటి, నిండైతే ఏంటి? అతుకు అతుకే! నువ్వు అవతలి గదికెళ్ళి మీటరు చూడు. వెలుతురు వచ్చిందో లేదో చెప్పు, చాలు."

మిగతా మాటను మింగేసి అల్లుడు పొడుగాటి నడవా చివర ఉన్న గదికి వెళ్ళాడు. తీగ అక్కడి మీటరున్న యంత్రం నుంచి నడవా పొడుగునా వచ్చి మాస్టారి గదిలో చుట్టగా పడి ఉంది. మాస్టారు దాని కొస మీది పూత గీకారు. దూదిని స్పిరిట్‌లో ముంచి, చంటిబిడ్డ ముక్కు తుడిచినంత ముద్దుగా కొసదాకా తుడిచి, తన బల్ల పక్కనున్న, వెలుతురు పంపే యంత్రం తీగకు అతికించారు.

"వచ్చిందా?" అన్నారు ఫోనులో.

"రాలేదు సార్."

"మీటరు ఆన్ చేశావా?"

"చేశాను సార్. చీకటే."

మాస్టారు నిర్ఘాంతపోయారు. తన అతుకు దగ్గర వెలుతురు ఆగిపోవడం ఆయన ఎరగరు. ఎక్కడో మురికి ఉండిపోయిందని తేల్చుకుని, బారెడు తీగ కోసి పారేసి, ఈసారి రెండుసార్లు తుడిచారు. రాలేదు. ఇంకో బారెడు కోసి, స్పిరిట్ చుక్కలు కారేలా తుడిచారు. అసలే రాలేదు. నాలుగైదుసార్లు ఇలా అయ్యేసరికి చుట్ట కాస్తా ఖర్చయిపోయి, తీగ బల్లకు అందడం మానేసింది.

"అల్లుడూ, నీ యంత్రాన్ని కాస్త ఇటు జరుపు" అన్నారు. తన బల్ల కదిపితే చెయ్యి కుదరదట. బీరువా అంత యంత్రాన్ని అల్లుడూ ఆ నలుగురూ కలిసి గుమ్మం దాకా దొర్లించారు. ఇంకో బారెడు పోయింది. యంత్రం గుమ్మం దాటి నడవాలోకి వచ్చింది. 

సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చాడు. "ఇదేంటి, నడవాలో ఊరేగింపు?"

"గాలాడాలండీ. బోలు తీగ కదా!" అన్నారు మాస్టారు, నోటికి ఏది తోస్తే అది.

మేనేజరు దాన్ని శాస్త్రమనుకున్నాడు. కిటికీలన్నీ తెరిపించి, పెద్ద పెద్ద ఫ్యాన్లు తెప్పించి తిప్పించాడు. నడవాలో ఉన్న దుమ్మంతా లేచి మాస్టారి బల్ల మీద వాలింది. దుమ్ము పడ్డాక తుడవకుండా ఉంటారా? ఈసారి స్పిరిట్ సీసానే దగ్గర పెట్టుకున్నారు.

అల్లుడు నడవా మధ్యకు వచ్చేసరికి ఫ్యాను గాలికి గుప్పున మందు వాసన కొట్టింది. పొద్దున్నే, ఆఫీసులో, ఇంత పని పెట్టుకుని! మామగారికి ఈ అలవాటుందని పెళ్ళికి ముందు ఒక్కరూ చెప్పలేదు. ఇంటికెళ్ళి భార్యకు ఎలా చెప్పాలో తెలియక కళ్ళు చెమ్మగిల్లాయి. మేనేజరుకు వాసన తెలియకూడదని మధ్యలో అడ్డంగా నిలబడి యంత్రాన్ని తోశాడు. బారెడు తీగ కోసినప్పుడల్లా వాసన ఘాటెక్కుతోంది, అతని దిగులు పెరుగుతోంది.

చివరికి యంత్రం మాస్టారి గదిలోకే వచ్చి, బల్ల పక్కన నిలిచింది. అల్లుడు తల ఎత్తి చూశాడు. మామగారి చేతిలో తడి దూది, దాని కింద తీగ కొస.

"మామయ్యా! దాంతో తుడుస్తున్నారా?"

"మరి తుడవకుండా ఎవడైనా అతుకేస్తాడా?"

"అయితే మీరు తాగట్లేదా?"

"ఛీ ఛీ, ఏం మాటలవి!"

"అయ్యో, బోలు కొసకి స్పిరిట్ తగిలితే లోపలికి జుర్రేసుకుంటుంది మామయ్యా! లోపల తడి చేరిందంటే వెలుతురు చచ్చిపోతుంది. శిక్షణలో నేర్పిందల్లా ఇదొక్కటే!"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"'అందుకని' దాకా చెప్పాను. మీరు ఆపేశారు."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. పొద్దుటినుంచి వెలుతురు పీక నొక్కుతున్నది తన చేతులేనని తెలిసి ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఇప్పుడెలాగండీ అల్లుడుగారూ?" అన్నారు సన్నగా. ఆఫీసులో ఆయన నోట 'గారు' విని ఆ నలుగురూ హడలిపోయారు.

అల్లుడు తడిసిన కొస కోసేసి, స్పిరిట్ ఊసెత్తకుండా పొడిగా అతుకు వేశాడు. మీటరు వెలిగింది. అందరూ హమ్మయ్య అనుకునేలోపే మేడమ్ గుమ్మంలో ఉంది. రెండు యంత్రాలూ భుజం భుజం రాసుకుంటున్నాయి. మధ్యలో తీగ మూరెడు కూడా మిగల్లేదు.

మేడమ్ నేరుగా మీటరు దగ్గరికెళ్ళి కబురు చేరడానికి పట్టిన సమయం అంకె చూసింది, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇంత తక్కువ టైమా? మేం ఎక్కడా చూళ్ళేదు! మళ్ళీ పంపండి."

మళ్ళీ పంపారు. అదే అంకె. మేనేజరు కాళ్ళు నేల మీద నిలవలేదు. "అంతా మా మాస్టారి చేతి మహిమండీ!" అని ఆయన్ను ముందుకు తోశాడు.

"ఎలా సాధించారండీ ఇది?" అంది మేడమ్.

పొగిడించుకోవలసిన ఘడియ రానే వచ్చింది. కానీ మాస్టారు ఇంకా తేరుకోలేదు. అబద్ధమాడాలన్నా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి.

"రెండూ పక్కపక్కనే ఉన్నాయి కదమ్మా" అన్నారు.

మేడమ్ ఈ యంత్రం చూసింది, ఆ యంత్రం చూసింది, మధ్యలో తీగ ముక్క చూసింది.

"అంటే... మావి కూడా ఒకే గదిలో పెట్టేసుకుంటే?"

"అప్పుడు మామూలు తీగ చాలమ్మా" అన్నారు మాస్టారు. మేనేజరు గోడకు చేరగిలబడ్డాడు.

తీగ ఆర్డరు రాలేదు గానీ, ఆ సంస్థ యంత్రాలన్నిటినీ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దొర్లించే పని వచ్చింది. దానికి అతుకుల విభాగాన్ని మించినవాళ్ళు లేరని మేనేజరు స్వయంగా సిఫారసు చేశాడు.