అత్తగారికి ఏ పొయ్యి?

ఆదివారం పొద్దున్నే తూకంగారు, ఆయన భార్య డాక్టరమ్మ కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. మధ్యాహ్నం భోజనాల వేళకు అత్తగారు వచ్చేలోపు కొత్త పొయ్యి కొనేయాలి. ఏ పొయ్యి అన్నది మాత్రం తేలలేదు.

తూకంగారు తూనికలు, కొలతల ఆఫీసులో పనిచేస్తారు. దుకాణాల్లో కాటాలు సరిగ్గా తూగుతున్నాయో లేదో చూడడం ఆయన పని. బాగున్నవాటికి టిక్కు పెడతారు, బాగులేనివాటి మీద సుద్దముక్కతో ఇంటూ గీస్తారు. ఆ అలవాటు ఆఫీసులో ఆగక ఇంట్లోకీ వచ్చేసింది. కొత్త గొడుగు కొంటే షవరు కింద నిలబడి పరీక్షించందే దాన్ని వీధిలోకి తీసుకెళ్ళని మనిషి. ఆయన అసలు పేరేమిటో అపార్ట్‌మెంటులో సగం మందికి తెలియదు. డాక్టరమ్మ పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళు నోరు తెరుచుకుని, జవాబు చెప్పే వీల్లేకుండా కూర్చున్నప్పుడు మాట్లాడడం ఆమెకు అలవాటు. ఇంట్లో ఆ సౌకర్యం లేదు.

గొడవంతా అత్తగారి గురించే, అంటే డాక్టరమ్మ వాళ్ళమ్మ గురించే. ఆవిడ పోయిన నెల ఊళ్ళో తన ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి, కుర్చీలో కునుకు తీశారు. పాలు పొంగి, ఇగిరి, గిన్నె నల్లబడి, పొగ పక్కింటికి వెళ్ళాక గానీ ఆవిడకు మెలకువ రాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ సంగతి ఫోనులో తెలిసిన రోజు డాక్టరమ్మ ఎవరి పన్నూ పీకలేకపోయింది. "అమ్మ ఇక మన దగ్గరే ఉంటుందండీ" అంది. "రేపే రమ్మను" అన్నారు తూకంగారు. అంతవరకు ఇద్దరిదీ ఒకటే మాట.

"కరెంటు పొయ్యే కొందాం" అన్నారు తూకంగారు కాఫీ కప్పు కింద పెడుతూ. "మంటుండదు, పొగుండదు. టైము పెడితే దానంతట అదే ఆగిపోతుంది. అత్తయ్యగారు హాయిగా కునుకు తీసినా ఫర్లేదు."

"మంట కనబడకపోతే అమ్మకు వండినట్టే ఉండదండీ. జీవితమంతా మంట చూసుకుంటూ వండిన మనిషి. ఆ నున్నటి అద్దం ముందు నిలబెట్టి, మీట నొక్కమ్మా అంటే, నాకు వంట కూడా రాకుండా పోయిందే అనుకుంటుంది. వచ్చిన రోజే అలా అనుకోవడం నాకిష్టం లేదు. గ్యాసే కొందాం."

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే అది తెగలేదు.

"అయితే పరీక్ష పెడదాం" అన్నారు తూకంగారు. ఆయన మొహం వెలిగిపోయింది. "ఒకటే గిన్నె, అవే నీళ్ళు. ముందు గ్యాసు మీద, తర్వాత కరెంటు మీద. ఏది బాగా పనిచేస్తే అది."

"అమ్మ సంగతి నీళ్ళు చెబుతాయా?"

ఆ ప్రశ్న వినబడేసరికి ఆయన మెట్లెక్కేస్తున్నారు. పై అంతస్తులో ఉండే సంగీతం టీచరు దగ్గర ఇండక్షన్ పొయ్యి ఉంది. ఆవిడ దాన్ని గుడ్డతో తుడిచి మరీ ఇచ్చింది. "కొంచెం చూసుకోండి సార్. అది అన్ని గిన్నెల్నీ ఒప్పుకోదు. నచ్చకపోతే కీచుమంటుంది. ఆ కీచు నేను భరించలేను, శ్రుతిలో ఉండదు" అని హెచ్చరించింది.

ఆవిడ చెప్పినట్టే అయింది. ఇంట్లో ఉన్న అల్యూమినియం గిన్నె పెడితే పొయ్యి కీచుమంది. స్టీలు గిన్నె పెట్టారు, మళ్ళీ కీచుమంది. ఇంకో స్టీలు గిన్నె పెడితే బుద్ధిగా పనిచేసింది. తూకంగారికి నీళ్ళ సంగతి ఆ క్షణమే మనసులోంచి జారిపోయింది. ఫ్రిజ్ తలుపుకు అంటుకుని ఉన్న సీతాకోకచిలుక బొమ్మను పీకి, దాని వెనకున్న అయస్కాంతాన్ని ఒక్కో గిన్నె అడుగుకూ పెట్టి చూశారు.

"చూశావా! అయస్కాంతం అతుక్కున్న గిన్నే పనిచేస్తోంది. కానీ ఇవి రెండూ స్టీలే. ఒకే షాపులో కొన్నాం. దీనికి అతుక్కుంటుంది, దానికి అతుక్కోదు. ఎందుకంటావు?"

"అదేదో గిన్నెనే అడగండి. నేను ఇది గ్యాసు మీద పెడుతున్నా. అమ్మ వచ్చే వేళవుతోంది."

"మన ఇంట్లోనే ఇలా ఉందా, అందరిళ్ళలోనూ ఇంతేనా?" అని తనను తానే ప్రశ్నించుకుంటూ తూకంగారు సీతాకోకచిలుకను పట్టుకుని, జేబులో సుద్దముక్క వేసుకుని బయల్దేరారు.

ఎదురింటి పిన్నిగారు తలుపు తీసింది. "ఆదివారం కూడా డ్యూటీయేనా బాబూ?"

"పరీక్ష అన్నాక ఆదివారమేముందండీ. మీ వంటగిన్నెలు ఒకసారి చూడనిస్తారా?"

పిన్నిగారు గిన్నెలన్నీ తెచ్చి గుమ్మంలో పేర్చింది. తూకంగారు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కోదాన్నీ బోర్లించి, అయస్కాంతం పెట్టి, అతుక్కుంటే టిక్కు, జారిపోతే ఇంటూ గీశారు. ఇంటూలే ఎక్కువయ్యాయి. ప్రతి ఇంటూకీ ఆయన "అరె!" అంటున్నారు. ఆ "అరె" ఆశ్చర్యంతో వచ్చింది. పిన్నిగారి చెవికి మాత్రం అది డాక్టరు ఎక్స్‌రే చూసి అనే "అరె" లాగా వినబడింది.

"ఇంటూ అంటే ఏంటి బాబూ?"

"పనికిరాదండీ."

"అయ్యో, వీటిలోనే కదా ఇన్నాళ్ళూ వండాను! ఏమైనా అవుతుందంటావా?"

"ఏమవుతుందన్నదే నాకూ తెలుసుకోవాలనుంది" అని, ఆయన ఉత్సాహంగా కింది అంతస్తుకు దిగిపోయారు.

పిన్నిగారు ఫోనందుకుంది. అవతల అపార్ట్‌మెంటు సంఘం ప్రెసిడెంటు గారు. బస్సు డిపోలో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. మైకులో ప్రకటనలు చేసే యోగం పోయినందుకు ఆయనకు లోలోపల బెంగ. ఆ లోటును అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు తీరుస్తోంది. కాసేపటికి అందరి ఫోన్లూ మోగాయి.

"నివాసితులకు విజ్ఞప్తి. తూనికల శాఖ వారు మన భవనంలో వంటపాత్రల తనిఖీ ప్రారంభించారు. అయస్కాంతం అతుక్కోని పాత్రలు ఆరోగ్యానికి ప్రమాదకరం. వెంటనే బయట పెట్టి సహకరించగలరు."

తూకంగారి ఫోను ఇంట్లో ఉంది. అందుకని ఆయనకు ఆ విజ్ఞప్తి అందలేదు. ఆయనకు కనబడింది ఒక్కటే. ఏ అంతస్తుకు వెళ్ళినా తలుపులు ముందే తీసి ఉన్నాయి. గిన్నెలు, మూకుళ్ళు, కుక్కర్లు మెట్ల పొడుగునా బారులు తీరి ఉన్నాయి. జనం పక్కకు తప్పుకుని దారి ఇస్తున్నారు. ఒకాయన కుర్చీ వేశాడు. ఒకావిడ మంచినీళ్ళు ఇచ్చింది. 'మనవాళ్ళకు సైన్సంటే ఇంత ఆసక్తి ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదే' అనుకుని తూకంగారు కరిగిపోయారు.

సరిగ్గా అప్పుడే పైనుంచి డాక్టరమ్మ కేక వినబడింది. "ఏమండీ! నీళ్ళు మరిగాయి! ఇప్పుడేం చేయమంటారు?"

తూకంగారు మెట్ల సందులోంచి తలెత్తి, గొంతు చించుకుని అరిచారు. "గ్యాసు కట్టేయ్! వెంటనే కట్టేయ్! ఇక కరెంటే!"

ఆ మెట్ల సందులో మామూలు మాటకే రెండింతలు మోత. ఆ అరుపు ప్రతి గుమ్మంలోనూ దూరింది. ఎక్కడికక్కడ పొయ్యిలు ఆరిపోయాయి. ప్రెసిడెంటు గారు ఆలస్యం చేయకుండా కింది గదిలోకి పరుగెత్తి, భవనమంతటికీ గ్యాసు వచ్చే పెద్ద వాల్వును రెండు చేతులతో తిప్పి బిగించేశారు. ఆయాసపడుతూనే రెండో ప్రకటన పంపారు. "గ్యాసు వాడకం నిలిపివేయడమైనది. అందరూ కరెంటు మీదే వండుకోగలరు."

ఆదివారం, అందులోనూ వంటల వేళ. సగం ఉడికినవి అన్ని ఇళ్ళలోనూ ఉన్నాయి. అటకల మీద నిద్రపోతున్న కరెంటు పొయ్యిలు, రైస్ కుక్కర్లు, కెటిళ్ళు దిగాయి. ఏ ఉపకరణమూ లేని ఒకాయన ఇస్త్రీపెట్టెను తిరగేసి దాని మీద గుడ్డు వేయించబోయాడు. అందరూ ఇంచుమించు ఒకేసారి స్విచ్చి వేశారు. కింద ఎక్కడో ఠప్పుమని ఒక చప్పుడు వచ్చింది. ఫ్యాన్లు నెమ్మదించి ఆగిపోయాయి. భవనమంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో లిఫ్టులోంచి ఒక గొంతు వినబడింది. "ఎవరైనా ఉన్నారా? ఇది పైకి వెళ్తుందా, ఇక్కడే దించేస్తుందా?"

"అమ్మా!" అంటూ డాక్టరమ్మ మెట్లు దిగి పరుగెత్తింది.

అది కటకటాల తలుపున్న పాతకాలం లిఫ్టు. రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. అత్తగారు ముందు బస్సు దొరికిందని తొందరగా వచ్చేశారు. ఇప్పుడు పెద్ద పెట్టె మీద నింపాదిగా కూర్చుని, కటకటాల్లోంచి మెట్ల వైపు చూస్తున్నారు. కనుచూపు మేరా బోర్లించిన గిన్నెలు, వాటి మీద ఇంటూ మార్కులు.

"కంగారుపడకమ్మా. ఫ్యూజు పోయినట్టుంది, ఎలక్ట్రీషియన్‌ని పిలిచారు."

"నేనెక్కడ కంగారుపడ్డాను? ఇవేంటే, ఇన్ని గిన్నెలు? ఎక్కడైనా వేలం వేస్తున్నారా?"

"తనిఖీ అండీ పెద్దమ్మగారూ" అన్నారు ప్రెసిడెంటు గారు. "విషపు పాత్రలు. మీ అల్లుడుగారే పట్టుకున్నారు."

"విషమా? నేనెప్పుడన్నాను?" అంటూ తూకంగారు గిన్నెల మధ్య అడుగులు వెతుక్కుంటూ వచ్చారు.

"మీరే కదా బాబూ, పనికిరాదని ఇంటూ గీశారు!" అంది పిన్నిగారు.

"ఇండక్షన్ పొయ్యికి పనికిరాదండీ! అంతే! గ్యాసు మీద నిక్షేపంగా వండుకోవచ్చు!"

"మరి గ్యాసు కట్టేయమని ఎందుకరిచారు?"

"మా ఇంట్లో గ్యాసు! నీళ్ళు మరిగాయని!"

అందరూ ప్రెసిడెంటు గారి వైపు తిరిగారు. ఆయన ఫోనులో ఏదో చాలా ముఖ్యమైనది చదువుకుంటున్నట్టు తల దించుకున్నారు. సంగీతం టీచరు పై మెట్టు మీద నుంచి, "నా పొయ్యి క్షేమమేనా సార్?" అని నెమ్మదిగా అడిగింది.

"ఇంతకీ ఈ పరీక్షంతా దేనికి?" అన్నారు అత్తగారు కటకటాలు పట్టుకుని.

"నీకోసమేనమ్మా. కొత్త పొయ్యి కొందామని. మంట కనబడితే నీకు ధైర్యంగా ఉంటుందని నేను గ్యాసంటున్నా."

"కరెంటైతే అత్తయ్యగారూ, మీరు మర్చిపోయినా అదే ఆగిపోతుంది. నాకదొక్కటే భయం" అన్నారు తూకంగారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు కొంచెం తగ్గింది.

అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఆవిడ కళ్ళు మెత్తబడ్డాయి. అయినా గొంతు మాత్రం మెత్తబడలేదు.

"నన్నెవరైనా అడిగారా?"

తూకంగారు చేతిలోని సీతాకోకచిలుకను గబగబా జేబులో దాచేశారు.

"నేను వండను" అన్నారు అత్తగారు. "గ్యాసు మీదా వండను, కరెంటు మీదా వండను. ఆ రోజు గిన్నె మాడిందని మీరంతా హడలిపోయారు. నేను దాన్ని తోముతూ తోముతూ సగంలో ఆపేసి, ఇక చాలనుకున్నాను. మీ నాన్నకు వండాను, నీకు వండాను, వచ్చిన చుట్టాలందరికీ వండాను. జ్వరమొచ్చినా వండాను. ఒక్క నవలైనా మధ్యలో లేవకుండా చదివింది లేదు. ఈ పెట్టెనిండా పుస్తకాలే. గరిటె ఒక్కటి కూడా తెచ్చుకోలేదు. మీ ఇంటికొస్తానని ఎగిరి గంతేసి ఎందుకు ఒప్పుకున్నాననుకున్నారు?"

"మరి... చెప్పలేదేమ్మా?" అంది డాక్టరమ్మ. నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

"చెప్తే మీరు వద్దంటారేమోనని భయపడ్డాను."

డాక్టరమ్మ కటకటాల్లోంచి చేయి దూర్చి వాళ్ళమ్మ చేయి పట్టుకుంది. ఎదురింటి పిన్నిగారు ముక్కు ఎగబీల్చింది. తన గిన్నెల వైపు చూసుకుని, ఈ ఆలోచన తనకెందుకు రాలేదా అన్నట్టు నిట్టూర్చింది.

"అయితే వంట ఎవరు చేస్తారండీ?" అని ఎవరో అడిగారు.

"పళ్ళ ఆస్పత్రినుంచి నా కూతురు వచ్చేసరికి చీకటి పడుతుంది" అన్నారు అత్తగారు ఆలోచిస్తూ. "మా అల్లుడుగారు పెందలాడే ఇంటికొస్తారు. పైగా ఏ గిన్నె దేనికి పనికొస్తుందో, ఏ పొయ్యి మీద ఎన్ని నీళ్ళు మరుగుతాయో ఈ భవనంలో ఆయనకు తెలిసినంత ఇంకెవరికైనా తెలుసా?"

తెలియదని అందరూ ముక్తకంఠంతో ఒప్పుకున్నారు. ప్రెసిడెంటు గారైతే మరీ గట్టిగా ఒప్పుకున్నారు. తూకంగారు ఏదో అనబోయి నోరు తెరిచారు. డాక్టరమ్మ ఆ తెరిచిన నోటికేసి అలవాటైన చూపుతో చూస్తూ, "చాలా మంచి మాట చెప్పావమ్మా" అంది.

కాసేపటికి ఎలక్ట్రీషియన్ వచ్చి ఫ్యూజు మార్చాడు. లిఫ్టు కదిలింది. తూకంగారు ఇంటింటికీ తిరిగి పొయ్యిల మీటలు కట్టి ఉన్నాయని చూసుకున్నాకే ప్రెసిడెంటు గారిని వాల్వు తిప్పనిచ్చారు. గిన్నెల పంపకానికి మాత్రం మధ్యాహ్నమంతా పట్టింది. బోర్లించినప్పుడు అన్ని గిన్నెలూ ఒకేలా ఉన్నాయి. పిన్నిగారికి తనవాటికన్నా మంచివి రెండు ఎక్కువే వచ్చాయి. ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం ముగ్గురూ కలిసి షాపుకు వెళ్ళారు. రెండు గ్యాసు బర్నర్లు, పక్కనే ఒక కరెంటు పలక ఉన్న పొయ్యిని అత్తగారే ఎంచుకున్నారు. "ఆయనకు ఏ రోజు ఏది కుతూహలంగా ఉంటుందో మనకేం తెలుసు?" అని కారణం చెప్పారు. ఆ రాత్రి నుంచే ఆవిడ వరండాలో దీపం కింద కుర్చీ వేసుకుని, కాళ్ళు చాపుకుని నవల మొదలుపెట్టారు. లోపల తూకంగారు కొత్త పొయ్యి ముందు, నడుం మీద చేతులు వేసుకుని, రెండు వైపులకూ మార్చి మార్చి చూస్తున్నారు.

ఇప్పటికి చాలా రోజులైంది. గ్యాసు మీదైనా, కరెంటు మీదైనా ఆ ఇంట్లో అన్నం సమానంగా మాడుతోంది.