వంతెన దాటని చిలక

ఆ రోజు ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. బస్సు డ్రైవరుగా నాన్న పని ఆ రోజుతో ముగుస్తుంది. ఆయన ఉదయం ట్రిప్పు వెళ్ళి తిరిగొచ్చాక, బస్సు పక్కన నిలబడి అందరూ ఫోటో దిగుతారు. అందుకోసం అన్న బ్యాంకుకి, చెల్లి తను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టారు. అమ్మ చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది.

నాన్న టీ తాగుతూ ఆ మాట అనకపోతే అంతా సవ్యంగానే జరిగేది.

"ఈ ఒక్క ట్రిప్పే. ఇదే ఆఖరిది. తర్వాత ఇంట్లో హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుంటా." అంతటితో ఊరుకోలేదు. చొక్కా జేబులోంచి పిల్లల చిన్నప్పటి ఫోటో తీసి చూపించాడు. "ఇది ఎదురుగా పెట్టుకుని మరీ తోల్తా."

అన్న చెల్లి వైపు చూశాడు. చెల్లి చేతిలో గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

కారణం, టీవీ కింద అరలో దుమ్ము పట్టిన పాత వీడియో గేమ్ పెట్టె. చిన్నప్పుడు వాళ్ళ సెలవులన్నీ దాని ముందే గడిచాయి. ఉన్నది ఒకే ఆట. డబ్బిచ్చినవాళ్ళ తరఫున యుద్ధం చేసే కిరాయి పైలట్ల కథ. అసలు పైలట్ కథ మొత్తంలో నోరు విప్పడు. ఆ పైలట్‌గా ఆడేది అన్న. పక్క విమానంలో వచ్చేవాడు నోరు మూయడు. వాడికి చెల్లి చిలక అని పేరు పెట్టింది. రెండో జాయ్‌స్టిక్ లేదు కాబట్టి, టీవీ సౌండు తగ్గించి, స్టీలు గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుని వాడి మాటలన్నీ తనే చెప్పేది.

వంతెన మీద దాడికి ముందు చిలక ఇంటివాళ్ళ ఫోటో చూపించి, "ఇదే నా ఆఖరి పని, తర్వాత ఇంటికెళ్ళి కోళ్ళు పెంచుకుంటా" అంటాడు. కాసేపటికే వాడి విమానం పొగలు కక్కుతూ మబ్బుల్లోకి పడిపోతుంది. ఇద్దరూ ఏడ్చి, స్విచ్ ఆపేసి, మళ్ళీ మొదటినుంచి ఆడేవారు, ఈసారైనా వాడు ఆ మాట అనడేమోనని. ప్రతిసారీ అన్నాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో మిగిలిన ఒక్క బిస్కెట్టును కూడా పిల్లలు "ఆఖరిది" అనేవాళ్ళు కాదు.

"మరీ పిచ్చి కాకపోతే, మనం పెద్దవాళ్ళమయ్యాం" అన్నాడు అన్న వంటింట్లోకి వచ్చి.

"అవును. ఇప్పుడేం చేద్దాం?"

"నేను ఓనరుకి ఫోన్ చేస్తా. నువ్వు ఫోటో సంగతి చూడు."

నాన్న స్నానానికి వెళ్ళగానే చెల్లి ఫోటో తీసి తన సంచిలో దాచేసింది. అన్న పెరట్లో నిలబడి బస్సు ఓనరుకి ఫోన్ చేశాడు. "నాన్నకి ఇది ఆఖరి ట్రిప్పు కాకూడదండీ. ఎలాగైనా రేపు కూడా ఒకటి వేయండి."

"ఏం బాబూ, మనసు బాగాలేదా ఆయనకి?"

చిలక సంగతి ఓనరుకి ఎలా చెప్తాడు? "అలాంటిదేనండీ" అన్నాడు.

స్నానం చేసొచ్చిన నాన్న ఫోటో కోసం ఇల్లంతా తిరగేశాడు. అటక కూడా ఎక్కాడు. దుమ్ము పడి కళ్ళు ఎర్రగా వాచిపోయాయి. ఆ కళ్ళతోనే, ఆలస్యంగా, బస్సు దగ్గరికి చేరాడు. పిల్లలిద్దరూ స్కూటర్ మీద వెనకే వచ్చారు.

ఓనరు ఆ కళ్ళు చూసి భుజం తట్టాడు. "ఏడవకు. పని మానేయడం ఎవరికైనా కష్టమే. కానీ ఈ మనసుతో స్టీరింగ్ పట్టుకోకూడదు. రేపట్నుంచి రావాల్సిన కొత్త డ్రైవర్ని ఇవాళే పిలిచాను, వచ్చేస్తాడు. నువ్వింటికెళ్ళు."

నాన్న బస్సు తలుపు మీద చెయ్యి వేశాడు. "అయితే నిన్నటిదే నా ఆఖరి ట్రిప్పా? ముందే తెలిస్తే హారనైనా ఇంకోసారి కొట్టేవాణ్ణి."

చెల్లి ఆగలేకపోయింది. ఫోటో, ఫోను, వంతెన, చిలక, అన్నీ ఒక్క ఊపులో చెప్పేసింది. బస్సు కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి.

"చిలకేంటమ్మా?" అన్నాడు ఓనరు.

నాన్న మాత్రం పిల్లల్ని వింతగా చూశాడు. "చిలక చావలేదురా."

"ఏంటీ?"

"పారాచూట్‌తో దూకేశాడు. చివరి యుద్ధంలో డబ్బిచ్చినవాడే మనల్ని మోసం చేస్తాడు, అప్పుడు ఏదో డొక్కు విమానం ఎక్కి వాగుకుంటూ వస్తాడు."

"నీకెలా తెలుసు నాన్నా?"

"నాకు డ్యూటీ లేని రోజున మీరు బడికి పోతే, ఇంట్లో నేనేం చేసేవాణ్ణనుకున్నారు?"

"మరి మాకు చెప్పలేదేం?"

"చెప్తే మీరు వంతెన దాటేసేవాళ్ళు. ఆట అయిపోయేది. ఆ గ్లాసులోంచి నీ గొంతు మళ్ళీ వినపడేదా?"

ఓనరు తాళాలు నాన్న చేతిలో పెట్టాడు. చెల్లి సంచిలోంచి ఫోటో తీసి స్టీరింగ్ ఎదురుగా నిలబెట్టింది. ఊరు దాటాక ఏటి మీద వంతెన వచ్చింది. ముందు సీట్లో అన్న ఊపిరి బిగబట్టాడు. బస్సు అవతలి ఒడ్డుకు చేరగానే చెల్లి నీళ్ళ సీసా మూత నోటికి అడ్డం పెట్టుకుని, "వంతెన దాటాం కెప్టెన్" అంది. అసలు పైలట్‌లాగే నాన్న ఏమీ మాట్లాడలేదు. హారన్ మాత్రం పొడుగ్గా కొట్టాడు.

తిరిగొచ్చేసరికి అమ్మ కూడా వచ్చింది. అందరూ బస్సు పక్కన నిలబడ్డారు. ఫోటో తీయడానికి ఓనరే ఫోను పట్టుకున్నాడు. "అన్నట్టు, పిలిపించి వెనక్కి పంపానని ఆ కొత్త డ్రైవరు అలిగి పని మానేశాడు. మీ అబ్బాయి కూడా పొద్దున అంత బతిమాలాడు కదా! ఇంకో మనిషి దొరికేదాకా ట్రిప్పులన్నీ నీకే వేశాను. ఏదీ, అందరూ ఇటు చూడండి!"

ఆ ఫోటోలో కాళ్ళు చాపుకుని కూర్చోవాల్సిన మనిషి ఒక్కడే నవ్వడం లేదు.