ప్రస్థానంలో పోయిన మేజోడు

బుధవారం ఉదయానికి లక్ష్మీనర్సమ్మ వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. చాయ తాగి, నాంపల్లి స్టేషన్ వెనక సందులోని తమ కిరాయి ఇంటి వరండాలో కూర్చుని, పూర్తయిన ఎర్ర మేజోడును ముందు పెట్టుకుని, దాన్ని చూస్తూ రెండోది అల్లడం. శుక్రవారం మధ్యాహ్నం మనవరాలు వసుమతి నర్సు శిక్షణకు ఢిల్లీ వెళ్తోంది. అక్కడి జనవరి చలికి కాళ్లు కొయ్యబారిపోతాయని ఎవరో అన్నారు.

ఆరేళ్ల క్రితం, ఊరంతా గందరగోళంగా ఉన్న రోజుల్లో, ఆమె చెల్లెలు ఇదే స్టేషన్‌లో నాగపూర్ బండి ఎక్కింది. ఆ తొందరలో లక్ష్మీనర్సమ్మ ఆమె చేతిలో ఏమీ పెట్టలేకపోయింది. చెల్లెలు మళ్లీ రాలేదు. ఈసారి తన చేత్తో చేసింది ఏదో ఒకటి పిల్ల వెంట వెళ్లాలి. పాత పత్రికలో బొమ్మలు చూసి, నాలుగు సూదులతో గుండ్రంగా అల్లడం నేర్చుకున్నది అందుకే.

భర్త వెంకటనర్సయ్య ఏర్పాటు వేరు. పంచాంగంలో శుక్రవారం బాగాలేదు, బుధవారం పొద్దున తొమ్మిదిలోపు బాగుంది. కాబట్టి ప్రస్థానం పెట్టాలి. మంచి వేళకు ప్రయాణం చేసేవాళ్ల బట్టలు మూటగట్టి వేరే ఇంట్లో ఉంచితే ప్రయాణం మొదలైనట్టే. వెళ్లే రోజు ఆ మూటను అక్కడి నుంచే తీసుకుపోవాలి. మధ్యలో విప్పినా, ఇంటికి తెచ్చినా ప్రయాణం వెనక్కి మళ్లినట్టు. వేళ మించిపోతోందని ఆయన చేతికందిన జరీ అంచు చీరను, దానితోపాటు మేజోడును మూటగట్టి, ఆబిడ్స్‌లో తన తమ్ముడి కూతురు అహల్య ఇంట్లో పెట్టి వచ్చాడు.

"నా మోజా ఏది?" అంది లక్ష్మీనర్సమ్మ.

"మూటల పెట్టిన. పిల్లదే గద, ఫికర్ చెయ్యకు."

"దాన్ని జూసే గదా రెండోది అల్లేది!"

"అల్లింది నువ్వే. యాదికుండదా?"

యాదికి లేదు. పైగా నిన్న నాలుగు వేళ్ల పొడవు అల్లిన రెండో మేజోడును ఒళ్లో పరిస్తే అది ఎటు తిప్పినా తెరుచుకోలేదు. మొదటి వరుస కుట్లను గుండ్రంగా కలిపే ముందు నేలమీద పరిచి, అడుగంచు అంతా లోపలివైపే ఉందా అని చూడాలి. ఆమె చూడలేదు. అక్కడ ఒక మెలిక పడింది. ఆ తర్వాత ఎంత బాగా అల్లినా మెలిక పోదు. మొదటిదాకా విప్పడం ఒక్కటే దారి. విప్పేసింది. ఇప్పుడు ఎన్ని కుట్లతో మొదలుపెట్టాలి? యాభై ఆరా, అరవై నాలుగా?

ఊలు సంచిలో వేసుకుని ఆబిడ్స్‌కు నడిచింది.

"అహల్యా, జర మూట విప్పు బిడ్డా. లెక్క జూస్కొని మల్ల కట్టేస్త."

"అయ్యో పెద్దమ్మా! విప్పొద్దని పెద్దనాయన మూడుసార్లు జెప్పిపోయిండు. రేపు పిల్లకు ఏమన్నయితే నా పేరొస్తది."

"పోనీ, పైనుంచి తడిమి జూడనా?"

"తడుముడైతే వద్దనలే" అంది అహల్య.

లక్ష్మీనర్సమ్మ కళ్లు మూసుకుని, గుడ్డ మీద నుంచే మేజోటి అంచులోని కుట్ల గీతలను బొటనవేలితో లెక్కపెట్టింది. చీర అంచు జరీ గీతలు కూడా ఆ లెక్కలో కలిశాయని ఆమెకు తెలియదు. ఎనభై నాలుగు వచ్చాయి. నమ్మబుద్ధి కాలేదు. కానీ ఈ వయసులో జ్ఞాపకం కంటే వేళ్లే నయం అనుకుంది.

ఇంటికి వచ్చేసరికి సంచిలో వంకరలు తిరిగిన ఎర్ర ఊలు వెంకటనర్సయ్య కంట పడింది.

"ఏందే గిది?"

"మోజా విప్పిన. మెలిక వడ్డది."

ఆయన కళ్లతో చూసిన మేజోడు ఒక్కటే. అది మూటలో ఉంది, అంటే ఆమె మూట విప్పిందన్నమాట. ఆయన చెప్పులు వేసుకుని వెళ్లాడు. ఇక ఆ ఇంట్లో ఉంచితే మూట ఆగదని, దాన్ని బషీర్‌బాగ్‌లోని స్నేహితుడు రాజమల్లు ఇంటికి మార్చాడు.

మర్నాడు అల్లిక మరీ వెడల్పుగా ఉందని అనుమానం వచ్చి, ఇంకోసారి తడుముదామని లక్ష్మీనర్సమ్మ ఆబిడ్స్‌కు వెళ్తే మూట లేదు, రాజమల్లు ఇంటికి పోయిందని అహల్య చెప్పింది. రిక్షాలో అల్లుకుంటూనే బషీర్‌బాగ్ వెళ్లింది. రాజమల్లు భార్య మూటను అల్మారాలో పెట్టి తాళం వేసి బేగం బజార్‌కు పోయింది. మళ్లీ విప్పి మొదలుపెట్టడానికి రోజులు లేవు. ఎనభై నాలుగుతోనే కానిచ్చింది.

శుక్రవారం రాజమల్లు ఇంటి నుంచి మూట నేరుగా స్టేషన్‌కు వచ్చింది. రైలు డబ్బాలో కూర్చున్నాక వసుమతి దాన్ని విప్పి మొదటి మేజోడు తొడుక్కుంది. సరిగ్గా సరిపోయింది. ఇంకా సూదుల మీదే ఉన్న రెండోదాన్ని పైకెత్తి చూసింది.

"అమ్మమ్మా, గిండ్ల నా రెండు కాళ్లు పడ్తయ్!"

లక్ష్మీనర్సమ్మ ముఖం చిన్నబోయింది. వసుమతి వెంటనే, "మంచిగయింది. పండుకునేటప్పుడు రెండు కాళ్లు గిండ్లనే పెట్టుకుంట" అంది.

"ఆగు, గీడ కుట్టొకటి జారింది." రిక్షా కుదుపులకు జారిన కుట్టు అది. నిచ్చెన మెట్లలా కిందికి దిగిపోయింది. లక్ష్మీనర్సమ్మ డబ్బా ఎక్కి పిల్ల పక్కన కూర్చుని, కొప్పులోని పిన్ను తీసి, దాన్ని ఒక్కో మెట్టూ పైకి ఎక్కించసాగింది. ఈల ఎప్పుడు పడిందో ఆమెకు తెలియదు. బండి కదిలింది. ఊలు ఉండ ఒళ్లోంచి జారి, కిటికీలోంచి ప్లాట్‌ఫారం మీద పడింది.

"దిగవే! దిగు!" వెంకటనర్సయ్య ఉండను పట్టుకుని బండి వెంట పరుగెత్తాడు. ఆయన చేతిలో ఉండ గిరగిరా తిరిగింది. ఇద్దరి మధ్యా ఎర్ర దారం సాగి సాగి, ప్లాట్‌ఫారం చివర పుటుక్కున తెగింది. లక్ష్మీనర్సమ్మ కిటికీలోంచి వెనక్కి చూసింది. నిలబడిపోయిన మనిషి అంత చిన్నగా కనిపిస్తాడని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు. ఎప్పుడూ ఆ చివర నిలబడింది తనే.

తెగిన దారం చాలింది. సికింద్రాబాద్ వచ్చేలోపు వేళ్ల దగ్గర మూసేసి, మేజోడు వసుమతి చేతిలో పెట్టి దిగింది.

సాయంత్రం బస్సులో ఇల్లు చేరేసరికి వెంకటనర్సయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. ఊలును తిరిగి ఉండగా చుట్టాడు. చాలా వదులుగా చుట్టాడు.

"నన్ను ఇడిసిపెట్టి పోయినవ్" అన్నాడు.

"ఎట్లుంటదో తెల్సిందా?"

ఆయన ఉండను పక్కన పెట్టి లేచాడు. లోపలికి వెళ్లి పంచాంగం తెరిచి చూశాడు. ఆమె బండెక్కిన వేళ వారం మొత్తంలోకీ చెడ్డది. ఆ ఇంటి నుంచి బండెక్కినవాళ్లలో సాయంత్రానికల్లా తిరిగి వచ్చింది ఆమె ఒక్కతే.