మా పుడిన్‌కి వినిపించే వెల్ష్

వెల్ష్ మీడియం పిల్లలు బడిలో ఇంగ్లీషు మాట్లాడుకుంటున్నారని గుండెలు బాదుకునే పెద్దలారా, కాస్త ఆగండి! మన వేల్స్ దేశపు భాషకు ఇంతకన్నా మహాభాగ్యం ఉందా?

వాడితేనే కదా ఏ వస్తువైనా అరిగేది! మా అమ్మాయి నెస్టాకు పదిహేనేళ్లు. లెక్కలు వెల్ష్‌లో, సైన్సు వెల్ష్‌లో, చివరికి రగ్బీ రూల్సు కూడా వెల్ష్‌లోనే నేర్చింది. బడి గంట కొట్టగానే ఆ భాషను మడత నలగకుండా బ్యాగులో పెట్టేస్తుంది.

పిల్లల ప్రతిభ చూడాలంటే బడి వరండాలో నిలబడండి. గోలంతా ఇంగ్లీషే. ఇంతలో మలుపు దగ్గర ఎమ్రిస్ మాస్టారి బూట్లు కిర్రుమంటాయి. అంతే! "నిన్న వాడు నాకు మెసేజ్ పెట్టి..." దాకా ఇంగ్లీషు, "...ఆహా, ఈరోజు వాతావరణం ఎంత ఆహ్లాదకరం!" అచ్చమైన వెల్ష్. ఆయన దాటాక మళ్లీ ఇంగ్లీషు. ఏ సైన్యానికుంది ఇంత క్రమశిక్షణ? ఆ బూట్ల కిర్రును రికార్డు చేసి ఊరూరా మైకుల్లో వినిపించమని కౌన్సిల్‌కు అర్జీ కూడా పెట్టాను.

నాతో మాత్రం నెస్టా వెల్ష్ మాట్లాడి మూడేళ్లయింది. బాధగా లేదా అంటారా? ఉంది. చాలా ఉంది. కానీ భాష అరగకూడదు కదా!

మొన్న గురువారం పొయ్యి మీద సూపు కలుపుతుంటే హాల్లోంచి గలగలా వెల్ష్ వినిపించింది. తొంగి చూశాను. నెస్టా మా కుక్క పుడిన్ చెవులు నిమురుతోంది.

"ఒరే పుడిన్, శనివారం నేను కైర్‌దీద్‌లో ఉంటా. బెంగెట్టుకోకేం, నా బంగారుకొండా!"

కైర్‌దీద్ అంటే కార్డిఫే. అయితే మా వ్యాకరణం ప్రకారం 'కైర్‌దీద్‌లో' అనాలంటే ముందున్న 'క' కాస్తా 'ఙ' అయిపోవాలి. నెస్టా 'క'ను అలాగే వదిలేసింది. నేనూరుకుంటానా? గరిటె పైకెత్తాను.

"ఙ! తల్లీ, ఙ!"

గలగల ఆగిపోయింది.

"అందుకే నాన్నా వీడితో మాట్లాడేది. వీడు నా తప్పులు దిద్దడు."

ఈ మాట ఇంగ్లీషులో అంది. అందులో ఒక్క తప్పూ లేదు.

కౌన్సిల్‌కు పెట్టిన అర్జీ వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడు రోజూ సాయంత్రం పుడిన్ పక్కన చాప మీద నోరు మూసుకుని కూర్చుంటున్నాను. నిన్న నెస్టా టీవీ పెడుతూ, "అబ్బా, ఇద్దరూ కాస్త జరగండర్రా!" అంది. వెల్ష్‌లో! ఒక అక్షరం తప్పింది.

నేను కిమ్మనలేదు. తోకుంటే ఊపేవాణ్ణి.